బాపమ్మకు లెక్కలు

అర్థమైందా అని అడగడం నేను మానేశాను. అంత పనికిరాని ప్రశ్న ఇంకోటి లేదు. ఏ పిల్లనైనా అడిగి చూడండి, ‘అయింది సార్’ అంటుంది. అర్థమైనవాళ్లూ అదే అంటారు, కానివాళ్లూ అదే అంటారు. కానివాళ్లు కాస్త గట్టిగా అంటారు, ఎందుకంటే గట్టిగా అంటే సార్ తొందరగా ఇంటికి పోతాడు.

ఖానాపూర్‌లో ఉంటూ, చుట్టుపక్కల ఊళ్లకు బండి మీద పోయి పిల్లలకు ఇళ్లలోనే లెక్కలు చెప్పడం నా పని. పోయిన ప్రతి ఇంట్లో నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు. ఆ చాయ్ తాగి గొంతు సవరించుకున్నానంటే ఇక నన్ను ఆపడం కష్టం. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, నేను బాగా చెబుతాను. ఒక్కోసారి నేను చెప్పింది నాకే ఎంత నచ్చుతుందంటే, ఎవరూ అడగకపోయినా మళ్లీ చెబుతాను.

అలా ఒక ఇంట్లో పదో తరగతి పిల్లకు చెప్పడానికి కుదిరాను. వాళ్ల నాన్న గల్ఫ్‌లో బిల్డింగు పనిలో ఉన్నాడు. అమ్మ చీకటి పడేదాకా పొలంలోనే ఉంటుంది. ఇంట్లో ఉండేది పిల్లా, వాళ్ల నాయనమ్మా. నాయనమ్మను ఆ పిల్ల బాపమ్మ అని పిలిచేది, కొన్నాళ్లకు నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. బాపమ్మ పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఆ ఇంటికి తలుపు తీసి ఉన్నా లేకపోయినా తంబాకు వాసన బయటికొచ్చి పలకరిస్తుంది.

పిల్ల అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో తప్పింది. నాన్న ఫోన్లో తేల్చి చెప్పేశాడు. పాసైతే నిర్మల్‌లో పాలిటెక్నిక్‌కు పంపుతాడు. తప్పితే చదువు బంద్, బాపమ్మ పక్కన ఇంకో చాట. మొదటి రోజు పుస్తకం తెరిచేముందు ఆ పిల్ల గొంతు తగ్గించి నాతో ఒకే మాట అంది.

“సార్, నాకు చాట ఒద్దు సార్.”

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ వేళ నుంచి గొంతు బొంగురుపోయేలా చెప్పాను. సరూప త్రిభుజాలు, నిష్పత్తులు, గోడమీద బొమ్మలు, గాల్లో బొమ్మలు. పిల్ల తల ఊపేది. అర్థమైందా? అయింది సార్. మరి ఈ లెక్క చేయి అంటే పెన్ను కొరుకుతూ కూర్చునేది. నేను మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి, ఇంకాస్త గట్టిగా.

కొన్నాళ్లు ఈ తమాషా చూసిన బాపమ్మ ఒకరోజు బీడీకి దారం చుడుతూనే అంది.

“సార్, ఒచ్చిన కాడికెళ్లి నువ్వే సదువుతున్నవ్. పరీచ్చ నువ్వే రాస్తవా ఏంది?”

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, నాకు చెప్పొచ్చిందా అనుకున్నాను. ఆ కోపంలోనే పిల్లవైపు తిరిగి, “అయితే నేను నోరు మూసుకుంటాను. ఇవాళ్టి పాఠం నువ్వే మీ బాపమ్మకు చెప్పు. ఆమెకు అర్థమైతే నీకు అర్థమైనట్టు” అన్నాను. దెబ్బకు ఇద్దరూ దారికి వస్తారని నా ఉద్దేశం.

బాపమ్మ మాత్రం చాట సర్దుకుని బుద్ధిమంతురాలైన విద్యార్థిలా కూర్చుంది. పిల్ల మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే తప్పు చెప్పింది. నేను నోరు తెరిచాను. వెంటనే బాపమ్మ ఒక కత్తెర, బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకు కట్ట, కొలతకు పెట్టే రేకుముక్క నా ఒళ్లో పడేసింది.

“సేతులు కాళీగుంటె నీ నోరు ఆగదు. గిది కత్తిరియ్యి.”

అలా మొదలైంది మా కొత్త పద్ధతి. పిల్ల చెబుతుంది, బాపమ్మ వింటుంది, నేను ఆకు కత్తిరిస్తాను. రేకుముక్కను ఆకుమీద పెట్టి చుట్టూ కత్తిరించాలి, అంతే. చూస్తే చిన్నపిల్లలూ చేయగలరనిపిస్తుంది. నేను కత్తిరించిన ఆకులు బాపమ్మ ఎత్తి చూసి, “గిది బీడీ గాదు సార్, సుట్టయితది” అని పక్కకు విసిరేసేది. జ్యామితి చెప్పేవాణ్ణి, ఒక నాలుగుమూలల ముక్కను తిన్నగా కత్తిరించలేకపోయాను.

బాపమ్మ లాంటి మొండి విద్యార్థిని నేనెక్కడా చూడలేదు. ఆమె దేనికీ తల ఊపదు. అర్థం కాకపోతే ‘కాలే’ అంటుంది. మళ్లీ చెబితే మళ్లీ ‘కాలే’. పిల్ల విసుక్కునేది, పుస్తకం విసిరేసేది, మళ్లీ తనే తెచ్చుకునేది. మాట మార్చి, బొమ్మ మార్చి, బీడీకట్టల్ని పేర్చి చెప్పేది. అలా మార్చి మార్చి చెప్పడంలో లెక్క ఆ పిల్ల చేతికి చిక్కుతోందని నాకు కనిపించేది. నేను కుర్చీలో కదలకుండా కూర్చుని ఆకుల మీద కక్ష తీర్చుకునేవాణ్ణి.

ఒకరోజు పాఠం ఊరి నీళ్లట్యాంకు మీదికి పోయింది. ఎక్కకుండానే దాని ఎత్తు చెప్పొచ్చని పిల్ల అంది. ఒక కట్టె పాతి దాని నీడ కొలవాలి, అదే సమయానికి ట్యాంకు నీడా కొలవాలి. కట్టె నీడకు ట్యాంకు నీడ ఎన్ని రెట్లో, కట్టెకు ట్యాంకు అన్ని రెట్లు. బాపమ్మ బీడీ చుట్టడం ఆపేసింది.

“నీడ పొద్దుగాల పొడుగుంటది, పగటీలి పొట్టిగైతది. అంటే ట్యాంకి గూడ పగటీలి పొట్టిగైతదా?”

పిల్ల పెన్ను కొరకడం మొదలుపెట్టింది. నా నోట మాత్రం మాట వరదలా వచ్చేట్టుంది. జవాబు నాలుక చివర నిలబడి గంతులేస్తోంది. బాపమ్మ నావైపు చూడకుండానే ఇంకో ఆకుకట్ట తోసింది. నేను పళ్లు బిగించి కత్తిరించాను. పిల్ల లేచి వాకిట్లోకి పోయింది, చీపురు తిరగేసి నిలబెట్టింది, దాని నీడను చూసింది, దూరంగా ట్యాంకును చూసింది. చీపురు నీడ కొసన గీత గీసి, నీడ గీత దాటేదాకా కాపలా కాసింది. తర్వాత ఒక్క కేక పెట్టింది.

“బాపమ్మా! కట్టె నీడ గూడ గట్లనే పొట్టిగైతది గదనే! రెండు ఒక్క తీర్గనే పెరుగుతయ్, ఒక్క తీర్గనే తగ్గుతయ్!”

“గిప్పుడైంది” అంది బాపమ్మ. సంతోషం పట్టలేక కత్తెరతో ఆకుతోపాటు నా వేలినీ కొంచెం కత్తిరించుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే కొంప మునిగింది. పిల్ల నాన్న వీడియో కాల్ చేశాడు. బాపమ్మ ఫోన్‌ను కిటికీలో నిలబెట్టింది. అందులోంచి ఆయనకు ముందుగా కనిపించింది నేనే. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, చుట్టూ తునికాకు.

“బిడ్డ బీడీలల్ల కూసోవద్దని సార్‌ను పెడితె, సారే బీడీలల్ల కూసున్నడా? నేనీడ ఎండల మాడుతున్నది గిందుకేనా? రేపటికెళ్లి రావద్దని చెప్పు ఆయినకు!”

ఫోన్లో కనిపిస్తున్న నాతో చెప్పకుండా, నాకు చెప్పమని బాపమ్మకు చెప్పాడు. అంత కోపంలోనూ సార్‌ను ఎదురుగా తిట్టకూడదన్న మర్యాద. నేను చాట దించి లేచాను. సంజాయిషీ చెప్పుకోవడానికి నాకే సిగ్గనిపించింది. పిల్ల ముఖం పాలిపోయింది. అయినా ఫోన్ చేతిలోకి తీసుకుంది.

“బాపూ, సార్‌ను ఏమనకు. రేపు నీకు సుట్టే గద. నాకు జరంత టైం ఇయ్యి. నీకో లెక్క చెప్త. నీకు అర్థం గాకుంటె గప్పుడు బంద్ వెట్టు.”

సుట్టీ అంటే సెలవు. మర్నాడు సాయంత్రం ఆయన క్యాంపు వెనకాల ఎండలో నిలబడి ఫోన్ చేశాడు. అక్కడొక కరెంటు స్తంభం ఉంది. దాని ఎత్తు ఆయనే కనిపెట్టాలి, అదీ పిల్ల ఇచ్చిన లెక్క.

“ముందుగాల నీ నీడ కొలువు బాపూ.”

“నా నీడ నేనెట్ల కొలుస్తనే? నేను నడిస్తె అది గూడ నడుస్తాంది!”

ఆయన ముందుకు పోతే నీడా ముందుకు పోతోంది, వంగితే నీడా వంగుతోంది. బాపమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి తన గదిలో ఉండే జగిత్యాల దోస్తును పట్టుకొచ్చి స్తంభం పక్కన నిలబెట్టాడు. సెలవురోజు నిద్ర చెడగొట్టినందుకు ఆ మనిషి తిట్టే తిట్లన్నీ ఫోన్లో వినిపిస్తూనే ఉన్నాయి. పిల్ల ఒక్కో మాట అడుగుతూ, కొలిపిస్తూ, భాగహారం తనే చెప్పకుండా ఆయనతోనే చేయించింది. ఆయన ఆగి అడిగాడు.

“మరి జరసేపు ఆగి కొలిస్తెనో? నీడ మారదా?”

“రెండు ఒక్క తీర్గ మారుతయ్ రా! గంత గూడ తెల్వదా!” అని చాట దగ్గర్నుంచి అరిచింది బాపమ్మ.

అవతల ఆయన లెక్కను మొదటినుంచి ఇంకోసారి పైకే చేసుకున్నాడు. జగిత్యాల మనిషి తిట్టడం ఆపి తనూ అంకెలు అందించాడు. ఆ తర్వాత పిల్ల నాన్న గొంతు వినిపించింది.

“సార్ ఉన్నడా? ఫోన్ ఇయ్యి.”

నేను భయం భయంగా తీసుకున్నాను.

“సార్, మీరేం మాట్లాడకుర్రి. ఆకు కత్తిరియ్యుర్రి” అన్నాడు.

పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చిన రోజు మిఠాయి పొట్లంతో పోయేసరికి పిల్ల వాకిట్లోనే ఎదురొచ్చింది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పాసైంది. బాపమ్మ అలవాటు కొద్దీ నా ముందు చాట తోసింది, నేనూ అలవాటు కొద్దీ కత్తెర అందుకున్నాను. ఇంతలో నాన్న ఫోన్. నిర్మల్‌కు ఎప్పుడు పోవాలి, ఏం కొనాలి అని బిడ్డతో మాట్లాడి మాట్లాడి, చివరికి నన్నడిగాడు.

“సార్, నేను గూడ పదోతరగతిల లెక్కలల్లనే తప్పిన. ఎర్కేనా?”

“తెలియదండీ” అన్నాను.

“గప్పుడు మా సార్ రోజు అడుగుతుండె, అర్థమైందా అని. నేను అయింది సార్ అంటుంటి.” ఆయన నవ్వబోయి ఆగాడు. “గట్టిగ అంటుంటి సార్.”

బాపమ్మ తోయకుండానే ఆకుకట్ట దగ్గరికి లాక్కున్నాను. రేకుముక్క పెట్టి ఇంకో ఆకు కత్తిరించాను. బాపమ్మ దాన్ని ఎత్తి చూసి, ఈసారి విసిరేయకుండా కట్టలో పెట్టుకుంది.