సగంలో ఆపేసిన సినిమాలు

మా ఆయనకు బ్యాంకు దొంగల సినిమాలంటే పిచ్చి. తుపాకులు పట్టుకొని వచ్చే దొంగలు కాదు. టై కట్టుకొని, కంప్యూటర్ ముందు కూర్చొని, జనం సొమ్ము మార్కెట్లో పెట్టి ఆడే దొంగలు. ఆయన కూడా బ్యాంకు ఉద్యోగే. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో ఆఫీసరు. వారమంతా అక్కడ మునిగి తేలింది చాలక, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, కర్టెన్లు లాగి, మళ్లీ బ్యాంకునే టీవీలో చూడటం ఏమిటని సతాయించేదాన్ని.

"నీకు తెల్వదే, దీంట్ల ఎంత దిమాక్ ఉంటదో," అనేవాడు.

పెళ్లయిన కొత్తలో ఆ సినిమాలను నాకు పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. చేతిలో లేని డబ్బుతో షేర్లు ఎలా కొంటారు, నష్టం వస్తే ఏ మూల దాస్తారు, తనిఖీకి వచ్చినవాళ్ల కళ్లు ఎలా కప్పుతారు, అన్నీ. మధ్యమధ్య ఆపి, "సూడు, వీడు ఇక్కడ తప్పు చేసిండు" అనేవాడు. నాకు గర్వంగానే ఉండేది. నేను బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికుడి బిడ్డను. మా ఇంట్లో బ్యాంకు అంటే బాపు తలస్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకొని పోయే చోటు.

తర్వాత తర్వాత ఆయన చెప్పడం మానేశాడు. మాట్లాడకుండా చూసేవాడు. ఇంకో సంగతి కూడా అప్పుడే కనిపెట్టాను. ఏ సినిమానూ చివరిదాకా చూడడు. హీరో మేడ కొంటాడు, దోస్తులకు దావత్ ఇస్తాడు, తెర మీద ఆకుపచ్చ అంకెలు పైకి ఎక్కుతుంటాయి. అక్కడిదాకానే. అంకెలు ఎర్రబడటం మొదలుకాగానే రిమోట్ అందుకొని ఆపేసేవాడు. మళ్లీ ఆదివారం అదే సినిమా మొదటినుంచి పెట్టేవాడు.

కథ సగంలో ఆగితే నాకు అన్నం సహించదు. "ఆఖరికి దొరికిండా, లేదా? గది చెప్పు ముందు," అని కొట్లాడేదాన్ని.

"సినిమా గదా, దొరుకుతడు. దొరక్కుంటే సెన్సారోళ్లు ఊకుంటరా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఒక ఎండాకాలం నుంచి ఇంట్లో ఏదో తేడా మొదలైంది. ఫోన్ ఎప్పుడూ బల్ల మీద బోర్లా పడి ఉండేది. మోగితే తీసేవాడు కాదు. దేవుడి మాటెత్తితే ఎగతాళి చేసే మనిషి, మంగళవారం తెల్లారకముందే బండి తీసి కొండగట్టు పోయి రావడం అలవాటు చేసుకున్నాడు. ప్రసాదం నా చేతిలో పెట్టేవాడు కానీ ఏం మొక్కుకున్నాడో చెప్పేవాడు కాదు. నాకు భయం వేసేది. దేనికి భయపడుతున్నానో తెలిస్తే కనీసం ఎవరికైనా చెప్పుకునేదాన్ని.

తెలియదని కూడా అనలేను. బాపు రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్మంతా అల్లుడికే అప్పజెప్పాడు. "బ్యాంకోడు ఇంట్ల ఉండంగ బయట ఎతుకుడెందుకు?" అన్నాడు. ఫిక్స్‌డ్‌లో వేశానని మా ఆయన చెప్పాడు. ఆ మాటే బాపుకు రసీదు. ఇప్పుడు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ డబ్బుతో బెల్లంపల్లిలోనే రెండు గదుల ఇల్లు కొనుక్కొని అవ్వతో, అంటే మా అమ్మతో, అందులోకి మారాలని బాపు ఆశ. వాళ్లకు ఇంకో ఆధారం లేదు.

ఆ సొమ్ము అడగడానికి బాపు ఒకసారి వచ్చాడు. పెద్దపల్లిలో రైలు దిగి, సుల్తానాబాద్ మీదుగా బస్సులో, సంచిలో నాటుకోడి, అవ్వ చేసిన సర్వపిండి పెట్టుకొని. అన్నం తిని, వానల గురించి మాట్లాడి, అడగకుండానే తిరిగి పోయాడు. మా వైపు అల్లుడు వస్తే కాళ్లకు నీళ్లిచ్చి పీట వేస్తారు. అలాంటి మనిషిని డబ్బు లెక్క అడగడమంటే పిల్లనిచ్చినవాళ్లు తమ పరువు తామే తీసుకోవడం. నాకు ఈ మర్యాదలంటే ఒళ్లు మంట. "నువ్వు అడగకుంటే నేనడుగుత," అని బాపుతో అన్నాను, ఆయన్ను అడిగేశాను కూడా.

"గడువు కాకముందే తీస్తే లాస్ అయితది. జర ఆగుమను," అన్నాడు మా ఆయన, ఫోన్ కింద పెట్టకుండానే.

రెండోసారి బాపు వచ్చేసరికి టీవీలో సినిమా నడుస్తోంది. సోఫా అంచున కూర్చొని, తువ్వాల ఒళ్లో పెట్టుకొని చూశాడు. మేడ వచ్చింది, దావత్ అయింది, అంకెలు ఎర్రబడ్డాయి. మా ఆయన రిమోట్ అందుకున్నాడు.

"ఉండనియ్యండ్రి అల్లుడూ," అన్నాడు బాపు. "ఆఖరికి ఏమైతదో సూద్దాం."

బాపు ఆయన మాటకు గానీ చేతకు గానీ అడ్డు రావడం అదే మొదలు. మా ఆయన రిమోట్ కింద పెట్టేశాడు. ముగ్గురం చూశాం. బేడీలు, కెమెరాలు, కోర్టు, భార్య ఏడుపు. జైలు గదిలో హీరో గోడకు ఆనుకొని కూర్చుంటే పేర్లు పడ్డాయి.

"మరి పైసలిచ్చినోళ్లు?" అన్నాడు బాపు.

"ఏ పైసలు మామా?"

"గీ పిలగాన్ని నమ్మి బ్యాంకుల ఏసుకున్నోళ్లు. ఆళ్లేమైన్రు? ఆళ్లను సూపియ్యకుంటనే అయిపోయె గదా."

మా ఆయన టీవీ కట్టేశాడు. తర్వాత నేల చూస్తూ, "ఆళ్ల మీద సినిమాలు తియ్యరు మామా," అన్నాడు.

బాపు సొమ్ము ఇక లేదని నాకు అర్థమైంది. బాపు మాత్రం ఇంకేం అడగలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకొని, "బస్సుకు టైమైతున్నది," అని లేచాడు.

బస్టాండు దాకా ఆటోలో నేనే వెళ్లాను. దారంతా ఏడుస్తూ తిట్టాను. ఆయన్ను తిట్టాను, అడగలేకపోయినందుకు బాపునూ తిట్టాను. బస్సు ఎక్కబోతూ బాపు నా తల మీద చెయ్యి పెట్టాడు.

"మేం ఏడనన్న కిరాయికుంటం తీయి. నువ్వు జల్ది ఇంటికి పో. ఆయన్ని ఒక్కన్ని ఉంచకు బిడ్డా."

ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది. అదే ఆటోలో వెనక్కి వచ్చాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. రెండు చేతులతో బాదాను. తీయలేదు. ఆ కాసేపట్లోనే ఆయన్ను నా చేతులతో చంపేయాలనిపించింది, బతికి ఉంటే చాలు ఇంకేమీ వద్దనీ అనిపించింది. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

ముఖమంతా నీళ్లు. కడుక్కున్నాడో ఏడ్చాడో తెలియలేదు. నేను లోపలికి తోసుకొని వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"మామ తిట్టిండా?"

"తిట్టలే."

గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. "మామ ఒక్కడే కాదే," అన్నాడు. "బ్రాంచికి వచ్చే ఆడోళ్లు ఉన్నరు. మొగోళ్లు దుబాయిల ఉంటరు. అన్నా అన్నా అనుకుంట పైసలు నా చేతికే ఇచ్చిన్రు. రేపు పొద్దుగాల్ల ఒకామె పైసలకు వస్తనన్నది."