ఆరు ఎపిసోడ్ల అవ్వ

మా అత్త నోటికి కోరుట్లలో మా వాడంతా జంకేది. ఆమె జగడగొండి కాదు. ఒక్క మాట అంటే అది పది ఇళ్లు తిరిగి, అనిపించుకున్నవాళ్ల చెవిన పడేసరికి వాళ్లకే నవ్వొచ్చేది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా అరుగు మీద బీడీలు చేస్తూ కూర్చునేది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం చేతుల పని. నోరు దాని పని అది చేసుకుపోయేది.

నేను అప్పట్లో జగిత్యాలలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్లు చేసేదాన్ని. నా భర్త దుబాయిలో ఉన్నాడు. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఒకతె సిరిసిల్లలో ఉంటుంది. ఫోనులో పాఠాలు చూసి బొమ్మలను కదిలించడం నేర్చుకుంది. మా అత్త మాటలు నేను చెప్తుంటే విని విని ఒకరోజు అడిగింది, "ఏమే, మీ అత్త మాటలకు బొమ్మలు ఏద్దామా?"

అత్తకు చెప్పకుండానే ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసి పంపాను. వారం తిరక్కముందే బొమ్మ వచ్చింది. కుచ్చిళ్లు పైకి చెక్కిన ఒక ముసలవ్వ, పొడుగు ముక్కు, ఎడంపక్కకు వంకర తిరిగిన మూతి. అత్త ముందు పెట్టాను.

"గీ ముసల్ది ఎవలే?" అంది.

"నువ్వే అత్తా."

"నా ముక్కు గింత పొడుగున్నదా?" అని తడుముకుంది. తరువాత, "ఇంకోపారి వెట్టు" అంది.

ఆ రెండు నిమిషాలనే హైదరాబాదులో షోలు తీసే ఒక కంపెనీకి పంపాం. వాళ్లు పిలిచారు. ఒక యాప్ కోసం పది ఎపిసోడ్లు చేయమన్నారు, పెద్దవాళ్లు చూసే కార్టూన్ కామెడీ. కథ నాది, బొమ్మలు స్నేహితురాలివి, ముసలవ్వ గొంతు మా అత్తది. నేను ఫ్లెక్సీల పని మానేశాను.

అత్తకు చదువు రాదు. రాసిచ్చిన మాట చదివి వినిపిస్తే బడిపిల్ల అప్పజెప్పినట్టు అనేది. రెండు రోజులు అట్లా పాడుచేసుకున్నాక నాకు బుద్ధి వచ్చింది. సంగతి మాత్రం చెప్పి, మాట ఆమెకే వదిలేశాను. "కొడుకు దుబాయికెళ్లి వీడియో కాల్ చేసిండు. పెండ్లాంతోని ఓ ముచ్చట చెప్పుకోవాలె. నువ్వేమో ఆమె పక్కనుంచి లేస్తలేవు." అంతే. బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు కట్టిన గదిలో మైకు ముందు కూర్చుని, ఆమె ఆ మొగుడూపెళ్లాల మధ్య ఎనిమిది నిమిషాలు లేవకుండా మాట్లాడింది. "లే అంటె లేస్త బిడ్డా. గని ఏం జెప్తడో నాకు జెప్పు. వాళ్ల నాయిన బొంబాయికెళ్లి ఉత్తరం రాస్తె, అది సదివి వినిపిచ్చింది పోస్టుమాను. గాయినకు తెల్వనిది నాకు తెల్వది, నాకు తెల్వనిది గాయినకు తెల్వది" అన్నప్పుడు నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

చేతులు ఊరికే ఉంటే ఆమెకు మాట రాదు. అందుకని చాట ఒళ్లోనే ఉండేది. ఆకు గలగల మైకులో పడుతుందని మొదట భయపడ్డాం. తీసేద్దామని చూస్తే మాటలు పలచబడ్డట్టు అనిపించింది. బొమ్మలోని అవ్వకూ ఒళ్లో చాట గీసింది స్నేహితురాలు.

ఎపిసోడ్ మొదట్లో తెర మీద పద్దెనిమిది ఏళ్లు దాటినవాళ్లకే అని పడేది. అదేంటో చెప్తే అత్త, "నేను దాటి శాన యేండ్లయె. చూడచ్చు గదా?" అంది.

మొదటి ఎపిసోడ్ వచ్చిన సాయంత్రమే దుబాయి నుంచి ఫోను. నా భర్త కోపంగా ఉన్నాడు.

"మా అమ్మతోని గివేం మాటలు చెప్పిచ్చినవే? నలుగురు చూస్తె ఏమనుకుంటరు?"

"నేను చెప్పిస్తలేను. ఆమెనే చెప్తున్నది" అన్నాను.

పెట్టేశాడు. మూడో ఎపిసోడ్, ఆ వీడియో కాల్‌ది, వచ్చిన మరునాడు మళ్లీ చేశాడు. ఈసారి గొంతు వేరు. "మా రూంల మెట్‌పల్లాయన ఉన్నడు, చందుర్తాయన ఉన్నడు. ఒక్క ఫోన్ల ఎనిమిది మందిమి చూసినం. మెట్‌పల్లాయన నవ్వి నవ్వి బయటికి వోయిండు. చూస్తె ఏడుస్తున్నడు. అచ్చం మా అమ్మనే అంటున్నడు." కొంచెం ఆగి, "నాల్గోది ఎప్పుడస్తది?" అన్నాడు.

అయిదోది వచ్చాక కంపెనీలో మా పని చూసే ఆయన ఫోను చేశాడు. మర్యాదస్తుడు.

"మేడమ్, షో చాలా బాగుంది. కానీ ఆ ముసలావిడ మాటలు సగం మందికి అర్థం కావట్లేదు. వాయిస్ మారుద్దాం. ఇక్కడ మంచి ఆర్టిస్టులున్నారు, యాస కూడా పట్టేస్తారు. అలాగైతే ఇంకో పది ఎపిసోడ్లు అడగొచ్చు."

ఆలోచించుకుని చెప్తానన్నాను. నిజం చెప్పాలంటే ఒప్పుకుందామనే అనిపించింది. అన్నేళ్లు పుట్టినరోజు ఫ్లెక్సీల మీద ఎవరెవరి ముఖాలో తెల్లగా చేసినదాన్ని. నావి అనుకునే పనులు అంతకుముందు ఒక్కటీ లేవు. స్నేహితురాలు మాత్రం కుదరదంది. "ఆ మూతిని మీ అత్త మాట వినుకుంటనే గీసిన. ఇంకొకల మాట దాంట్ల పట్టది."

అత్తకు చెప్పక తప్పలేదు. ఆమె చేతిలోని బీడీకి దారం కట్టి చాటలో వేసి అంది, "మార్సుకోమను, నాకేంది? గని పట్నం పిల్ల మాట్లాడితె ముసల్దాన్ని గూడ పట్నం తోలుండ్రి. నా అరుగు మీద కూసోవెట్టకుండ్రి."

గొంతు మార్చబోమని ఆ మధ్యాహ్నమే రాసి పంపాను.

ఆరో ఎపిసోడ్ వచ్చింది. ఆ తరువాత మూడు వాక్యాల మెయిల్ వచ్చింది. ప్రస్తుతానికి ఈ సిరీస్‌ను కొనసాగించడం లేదు, మీ కృషికి కృతజ్ఞతలు అని. మా పట్టుదల వల్లే ఆపేశారా అంటే చెప్పలేను. అదే వారం ఇంకో రెండు షోలు కూడా ఆగిపోయాయని తరువాత తెలిసింది. కొన్నాళ్లకు ఆ ఆరూ కూడా యాప్‌లోంచి పోయాయి. ఇప్పుడు వెతికినా దొరకవు.

అత్త రోజూ అడిగేది, ఏడోది ఎప్పుడు చేద్దామని. నాలుగు రోజులు దాటవేసి అయిదో రోజు చెప్పాను. "బంద్ వెట్టిండ్రత్తా. మన మాట సమజైతలేదట."

"సమజ్ గాకుంటె ఎట్ల నవ్విండ్రే మరి?" అంది.

ఏడో ఎపిసోడ్ సగం తయారై ఉంది. అందులో ముసలవ్వ కొడుకును చూడడానికి దుబాయి పోతానని పాస్‌పోర్టుకు పెట్టుకుంటుంది. విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వస్తాడు. బొమ్మల్లో కొన్నింటికి రంగులు పడ్డాయి, కొన్ని ఇంకా పెన్సిల్ గీతలే. మాటలు అసలు రికార్డు కాలేదు. స్నేహితురాలు పట్టుబట్టింది. "గింతవరకు చేసినం. మా వాళ్లకన్న చూపిద్దాం. మీ అత్తను తోల్కరా, ఆడనే బొమ్మను చూసుకుంట మాట్లాడుతది."

సిరిసిల్లలో వాళ్ల వాడ హాల్లో, ఆదివారం మధ్యాహ్నం, కిటికీలు మూసి, మగ్గం మీది తెల్లబట్ట రెండు పన్నాలు కలిపి కుట్టి తెర కట్టారు. మరమగ్గాల సాంచెలు నడిపేవాళ్లు, నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు, బీడీలు చేసేవాళ్లు వచ్చి కింద కూర్చున్నారు. అత్త తెర పక్కన కుర్చీలో, ఎవరింటి నుంచో తెప్పించిన చాటతో. కత్తిరించిన ఆకునే మళ్లీ కత్తిరిస్తోంది. ఆమె భయపడడం నేను చూసింది అదొక్కసారే.

తెర మీద కానిస్టేబుల్ అడిగాడు, "అవ్వా, నీ మీద కేసులేమన్న ఉన్నయా?" ఆ గొంతు నాదే, తలుపు దగ్గర నిలబడి అప్పటికప్పుడు అన్నాను.

"మా కోడలు రోజుకొకటి వెడ్తది సారూ. కొట్టేసేటోడే లేడు."

హాలు భళ్లుమంది. అత్త ఆ ఆకును వదిలి బీడీ చుట్టడం మొదలుపెట్టింది. ఇంతలో ముందు వరసలోంచి ఒక ముసలామె గట్టిగా, "నువ్వు దుబాయి వోతె నీ బీడీలు ఎవలు చేస్తరే?" అని అరిచింది. తెరలోని అవ్వనే అడిగింది.

అత్త తడుముకోలేదు. "షేకు చేస్తడు. నేను ఆకు కత్తిరిచ్చిస్త."

"నిన్ను ఉంచుకుంటె ఎట్లనే?"

"గాయినకే నష్టం!"

బొమ్మ ముందుకు పోతోంది. కానిస్టేబుల్ మాట లేకుండా పెదాలు ఆడిస్తున్నాడు. నవ్వు ఆపుకోలేకపోతూనే స్నేహితురాలు బొమ్మను ఆపేసింది. పది నిమిషాలు ఆ ఇద్దరు ముసలమ్మలు ఒకరికొకరు అందించుకుంటుంటే, కానిస్టేబుల్ తెల్లబట్ట మీద నోరు తెరిచి నిలబడ్డాడు. తలుపు దగ్గర నా పక్కన ఎవరో పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఆమె మా అత్త" అన్నాను ఆయనతో. ఆయన అడగలేదు. అయినా రెండోసారి కూడా చెప్పాను.

ఆ తరువాత చందుర్తిలో, మెట్‌పల్లిలో పిలిస్తే వెళ్లి అట్లాగే చేశాం. ప్రతిసారీ మాటలు మారాయి. అంతలో అత్త కళ్లకు శుక్లాలు ముదిరాయి. స్నేహితురాలికి పాఠాల బొమ్మలు గీసే ఉద్యోగం వచ్చింది. నేను జగిత్యాలలో సొంతంగా డిజైన్ల పని పెట్టుకున్నాను. ఇంకో కంపెనీ పిలుస్తుందేమోనని కొన్నాళ్లు చూశాం. పిలవలేదు.

మొన్న జగిత్యాలలోనే అత్త కంటికి ఆపరేషన్ చేయించాను. ఒక కంటికి కట్టుతో వార్డులో పడుకుని, ఇచ్చిన సప్పిడి కూడు గురించి ఏదో అంటోంది. పక్క మంచం మీద వీర్నపల్లి ఆమె. ఆమెకూ కట్టే. ఇటు తిరిగి అడిగింది, "అవ్వా, నీ మాట ఏడనో విన్న. మా కొడుకు ఫోన్ల ఓ ముసల్ది మాట్లాడుతుండె. అచ్చం నీ తీరే."

"ఆ ముసల్దాన్ని నేనే."

"ఏ, ఊకో."

"నీ కట్టు ఇప్పినంక చూడు. ముక్కు గూడ గదే."

"మరి ఇప్పుడు ఎందుకస్తలేవు?"

అత్త లేచి కూర్చుంది. హైదరాబాదాయన ఫోను మొదలుకొని మొత్తం చెప్పడం మొదలుపెట్టింది, ఆయన గొంతుతో ఆయనను, నా గొంతుతో నన్ను. ఆరు మంచాలూ ఇటు తిరిగాయి. నర్సు పరుగున వచ్చి, "నవ్వద్దు! కండ్ల మీద బరువు పడ్తది!" అని అందరినీ కసిరింది. కసిరి, చేతిలోని చుక్కల మందు పట్టుకుని అక్కడే నిలబడింది, తరువాత ఏమైందో విందామని.