ఆరు మైళ్ళ రైలు, పదకొండు కమిటీలు

ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి నా భార్య ఫోన్‌కి ఒక ఈమెయిల్ వచ్చేది. "మాధవీ, ఈ శనివారం నీ డ్యూటీ: ఫైర్‌మన్. ఎనిమిదిన్నరకి షెడ్ దగ్గర ఉండాలి. రాలేకపోతే ముందుగా తెలియజేయి."

మాధవి ఫిబ్రవరిలో పోయింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. శనివారాల్లో ఆమె స్వచ్ఛందంగా పనిచేసిన పాత రైలుకి ఏప్రిల్‌లో సీజన్ మొదలైన దగ్గర్నుంచి ఆ ఈమెయిల్ ఒక్క వారం కూడా తప్పలేదు. ఆమె ఇక లేదని తెలియజేశాను. రెండుసార్లు రాశాను. రెండోసారి వాల్టర్ అనే ఆయన జవాబిచ్చాడు. "చాలా విచారంగా ఉంది. ఆమె పేరు తీయడం మా వల్ల కావడం లేదు. మీరు ఒకసారి వస్తే బాగుంటుంది. శనివారమైతే ఆవిరి ఇంజన్ కూడా నడుస్తుంది."

అందుకని అక్టోబరులో ఒక శనివారం బయలుదేరాను. ఇంజన్ చూడాలని కాదు. తొమ్మిదేళ్ళు చూడకుండానే గడిపాను.

ఊరి పేరు రాయను. రాస్తే వాళ్ళ కమిటీలో ఒకరు సంతోషిస్తారు, ఇద్దరు రాజీనామా చేస్తారు. వెళ్ళదలచుకున్నవాళ్ళకి దారి చెబుతాను, చాలు. బాతెల్‌లో మా ఇంటి నుంచి ఆరూ యాభైకి కారు తీశాను. 405 హైవే మీద ఉత్తరంగా వెళ్ళి, ఐ-5 ఎక్కి, ఎవరెట్ ఊరు దాటిన చాలాసేపటికి తూర్పున కొండల వైపు తిరగాలి. బస్సు లేదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర కాఫీ మూడు డాలర్లు. తాగకపోయినా నష్టం లేదు. తొమ్మిదింటికి చేరాను. ఒకప్పుడు కలప మిల్లు ఉన్న ఊరు. మిల్లు మూతపడింది. మిల్లుకి దుంగలు మోసిన ఇంజన్ మిగిలింది.

టికెట్ ఇరవై ఎనిమిది డాలర్లు. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే రెండు డాలర్లు తక్కువ, వెబ్‌సైట్ పనిచేస్తే. టికెట్ మీద బయలుదేరే సమయం పదిన్నర. బోర్డు మీద పదీ నలభై అయిదు. స్టేషన్ గడియారంలో నాలుగూ ఇరవై. మాధవికి ఈ రైలుతో పరిచయం ఇక్కడే మొదలైంది. తొమ్మిదేళ్ళ కిందట ఆఫీసువాళ్ళతో విహారానికి వచ్చి ఈ మూడు సమయాలూ చూసింది. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంటికొచ్చి రెండు పేజీల ఉత్తరం రాసింది: పద్నాలుగు లోపాలు, వరుస నంబర్లతో, ఏది ముందు సరిచేయాలో సూచిస్తూ. వాళ్ళకి అంతకుముందు ఫిర్యాదులు వచ్చాయి గానీ నంబర్లతో ఎప్పుడూ రాలేదట. అది అందిన మర్నాడే సభ్యత్వం పంపారు. గడియారం సంగతి మాత్రం, "అది ఆగిపోయే మాకు దొరికింది, కాబట్టి అది వారసత్వం" అని జవాబు రాశారు.

ప్లాట్‌ఫారం మీద నలుగురు కండక్టర్లు ఉన్నారు. నలుగురికీ నాలుగు రకాల టోపీలు. ప్రయాణికులం ముప్పై మందిమి ఉంటాం. నా టికెట్‌కి ముగ్గురు చిల్లు పెట్టారు. నాలుగో ఆయన చిల్లు పెట్టడానికి చోటు లేక నా ముఖం చూశాడు. నా పేరు చెప్పాను. ఆయనే వాల్టర్. డెబ్భై ఎనిమిదేళ్ళు, రిటైరైన స్కూలు టీచరు. చేతిలో ఉన్న చిల్లు పెట్టే పరికరం జేబులో పెట్టుకుని, టోపీ తీశాడు. దానికి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

"ముందు రైలు ఎక్కండి. తిరిగొచ్చాక ఆఫీసులో కూర్చుందాం. ఆవిడ ఇంజన్ చూపిస్తాను, రండి" అన్నాడు.

ఇంజన్ దగ్గర గ్లెన్ అనే మనిషి ఉన్నాడు. ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్ మంట చూసే పనిలో, మాధవి స్థానంలో ఉన్నది ఆయనే. నా చెయ్యి పట్టుకుని ఊపి, మెట్టు ఎక్కించాడు. నేను బొగ్గు కోసం చూశాను. తొమ్మిదేళ్ళుగా నా భార్య శనివారాలు పారతో బొగ్గు ఎగదోస్తోందని నమ్మాను. ఆమె భుజం నొప్పి అన్నప్పుడల్లా దానికే ముడిపెట్టాను.

"బొగ్గు లేదా?" అని అడిగాను.

"ఇక్కడ బొగ్గెక్కడిది? ఇది నూనె ఇంజన్. గరాజుల్లో వాడేసిన నూనె. ఇదిగో, ఈ వాల్వు తిప్పుతూ, పొగగొట్టం వైపు చూస్తూ కూర్చోవాలి. పొగ నల్లగా ఉంటే నూనె ఎక్కువైనట్టు, అసలు లేకపోతే తక్కువైనట్టు. లేత బూడిద రంగులో ఉండాలి. మ్యాడీకి చూడక్కర్లేదు, చప్పుడుతోనే చెప్పేసేది" అన్నాడు గ్లెన్. వాళ్ళ నోట మాధవి మ్యాడీ అయింది. తరువాత చిన్నగా, "ఒక్క సంగతి. ఏప్రిల్ నుంచి నేను చేసిన గంటలన్నీ ఆవిడ ఖాతాలో పడుతున్నాయి. చార్టులో నా పేరు లేదు, 'బదులు' అని ఉంటుంది. జూలైలో ఉత్తమ స్వచ్ఛంద సేవకురాలు ఎవరో తెలుసా?"

తెలిసిపోయింది. సర్టిఫికెట్ ఆఫీసులో ఉందట, తీసుకెళ్ళమన్నాడు.

పదీ యాభైకి రైలు కదిలింది. గంటకి పది మైళ్ళు. నా ఎదుట ఒక తెలుగు కుటుంబం కూర్చుంది. కొడుకు, కోడలు, రాజమండ్రి నుంచి ఆరు నెలలకి వచ్చిన తల్లి. ఆవిడే పలకరించింది.

"మీరూ మనవాళ్ళే కదండీ? దీనికి టికెట్టు ఎంత పెట్టారు?"

చెప్పాను.

"ఏం మనుషులండీ! మా చిన్నతనంలో కళ్ళల్లో నలుసులు పడతాయని కిటికీ తలుపులు దించుకునేవాళ్ళం. ఇక్కడ పొగ సరిగ్గా రావట్లేదని ఆయనెవరో కంప్లైంట్ చేస్తున్నాడు."

"అమ్మా, ఇది హెరిటేజ్. పాతదే కానీ మెయింటైన్ చేస్తారు" అన్నాడు కొడుకు.

"అలాగా? మరి నా మోకాళ్ళ సంగతేమిట్రా? అవీ పాతవే."

"ఇన్సూరెన్స్ కవర్ చేయదు అత్తయ్యా" అంది కోడలు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"దీనికి చేస్తుందా?" అంది ఆవిడ ఇంజన్ వైపు చూపిస్తూ.

చివరి పెట్టెలో రైలు చరిత్ర ఫోటోలు తగిలించారు. కుదుపుల మధ్య నిలబడి చూశాను. మిల్లు మూతపడ్డాక ఉద్యోగాలు పోయిన అయిదుగురు, పార్కులో తుప్పుపడుతున్న ఈ ఇంజన్‌ని ఊరి కౌన్సిల్ నుంచి తీసుకున్నారు. పిల్లలు ఎక్కి దెబ్బలు తగిలించుకుంటున్నారని కౌన్సిల్ ఊరికే ఇచ్చేసింది. ఆవిరి పుట్టించడానికి ఏడేళ్ళు పట్టింది. మొదటి రోజు రైలు ఒక ఫుట్‌బాల్ మైదానమంత దూరం వెళ్ళి ఆగింది, పట్టాలు అంతవరకే ఉన్నాయి కాబట్టి. ఫోటోలో జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ తరువాత ప్రతి వేసవిలో కొంత కొంత పట్టా వేసుకుంటూ పోయారు. పట్టాతో పాటు కమిటీలూ పెరిగి పదకొండయ్యాయి. బాయిలర్ కమిటీ, పట్టాల కమిటీ, పెట్టెల రంగు కమిటీ. రంగు కమిటీ రెండుగా చీలింది. పెట్టెలకి ఎడమవైపు ఆకుపచ్చ, కుడివైపు ఎరుపు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

ఇంజన్‌ని బతికించే డబ్బు కోసం అక్టోబరు పండగకి గుమ్మడికాయల రైలు పెట్టారు. తరువాత శాంటా రైలు, వైన్ రైలు, దోపిడీ రైలు. దోపిడీ రైలులో ముసుగులు కట్టుకున్న స్వచ్ఛంద సేవకులు గుర్రాల మీద వచ్చి ప్రయాణికులను దోచుకుంటారు. గుర్రాలు దొరకని ఏడాది పికప్ ట్రక్కులో వచ్చారు. గిఫ్ట్ షాపు పెట్టారు. ఇప్పుడు రైలు కన్నా షాపుకే ఎక్కువమంది వస్తారు. ఆవిరి శనివారం ఒక్కటే. మిగతా రోజులు డీజిల్ ఇంజన్ లాగుతుంది, స్పీకర్‌లో ఆవిరి చప్పుడు వినిపిస్తారు.

పదకొండూ ముప్పైకి పట్టాలు అయిపోయాయి. చుట్టూ ఫర్ చెట్లు. చూడడానికి ఏమీ లేదు. ఇంజన్‌ని పెట్టెల నుంచి విడదీసి, పక్క పట్టా మీదుగా ఇటు చివరికి తెచ్చి తగిలించడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అందరూ దిగి దాన్ని ఫోటోలు తీశారు. నేను పెరుగన్నం తిన్నాను. శాకాహారులు ఇంటి నుంచి తెచ్చుకోవడం మంచిది.

తిరుగుదారిలో పెట్టె కిటికీలోంచి తల బయట పెట్టి పొగగొట్టం వైపు చూశాను. లేత బూడిద రంగులోనే ఉంది. రాజమండ్రి ఆవిడ, "తల లోపల పెట్టండి నాయనా, నలుసు పడుతుంది" అంది. పెట్టుకున్నాను. నలుసు పడలేదు.

ఆఫీసు అంటే పాత గార్డు పెట్టె. వాల్టర్ లాప్‌టాప్ తెరిచాడు. డ్యూటీ చార్టు ప్రోగ్రాం రాసింది మాధవి. బాయిలర్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించగల ఇరవై మంది అక్కడ ఉన్నారు. ఈ ప్రోగ్రాం నుంచి ఒక పేరు తీయగలవాడు లేడు. నేను డేటాబేసుల మనిషిని. నాకది అర నిమిషం పని.

"తీస్తే కారణం అడుగుతోంది. అది చెప్పకపోతే తీయనివ్వదు. మీరే చూడండి" అన్నాడు వాల్టర్.

చూశాను. అయిదు కారణాలు ఉన్నాయి. వేరే ఊరు వెళ్ళారు. మోకాళ్ళు. భార్య లేక భర్త వద్దన్నారు. కమిటీతో గొడవ. మళ్ళీ వస్తారు.

"ఇవి ఎక్కడివి?"

"మా దగ్గరున్న పాత రాజీనామా ఉత్తరాలన్నీ చదివింది. ముప్పై ఏళ్ళవి. మనుషులు ఈ కారణాలకే వెళ్తారని తేల్చింది."

"చనిపోయినవాళ్ళు?"

"వాళ్ళు ఉత్తరం రాయరు కదా." వాల్టర్ కళ్ళజోడు తీశాడు. "అప్పటికి అలాంటి అవసరం రాలేదు. తరువాత మా సభ్యుడు ఎర్ల్ పోయినప్పుడు అతన్ని 'మళ్ళీ వస్తారు' కింద పెట్టాం. బతికుండగా పిలిచినా వచ్చేవాడు కాదు."

"ఇంకో కారణం కలపమంటారా? అయిదు నిమిషాలు."

"కలపాలంటే కంప్యూటర్ కమిటీ ఆమోదించాలి."

"కమిటీలో ఎవరున్నారు?"

"నేనూ, మ్యాడీ. కోరం ఇద్దరు, ఒక్కడితో ఆమోదం చెల్లదు."

మూడో కారణం, 'భర్త వద్దన్నారు' దగ్గర నా చూపు ఆగింది. మొదటి ఏడాది ఒకసారి అన్నాను, వారానికి మనకున్న సెలవులు రెండే కదా అని. ఆమె విని, శనివారం వెళ్ళింది. నేను మళ్ళీ అనలేదు, ఒక్కసారి వెంట వెళ్ళనూ లేదు. ఆ కారణం నొక్కితే అబద్ధం కాదు.

"ఒక్కోదానికి ఏమవుతుంది?" అని అడిగాను.

వాల్టర్ వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "ఊరు మారితే కార్డు పంపుతాం. మోకాళ్ళయితే గిఫ్ట్ షాపులో కూర్చోబెడతాం. ఇంట్లో వద్దంటే ఏమీ చేయం, ఇంటివాళ్ళతో మాకెందుకు. మళ్ళీ వస్తారంటే గుర్తుచేస్తూనే ఉంటుంది. గొడవయితే మాత్రం కమిటీ సమావేశంలో చర్చించి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. నియమావళిలో ఉంది. అందుకే అది ఎవరికీ పెట్టనివ్వం."

నేను నాలుగోది నొక్కాను. గొడవ ఏమిటో రాయమని గడి వచ్చింది.

"అయ్యో, ఆవిడకి మాతో గొడవేం లేదే!" అన్నాడు వాల్టర్.

"ఇంట్లో ప్రతి ఆదివారం నేను విన్నాను" అన్నాను. గడిలో ఆమె మాటల్లోనే రాశాను: షెడ్ దగ్గర ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు. గిఫ్ట్ షాపులో ఉన్నదానికి వెళ్ళాలంటే నూనె బూట్లు విప్పి, అరమైలు నడిచి, మళ్ళీ తొడుక్కోవాలి. ఆరేళ్ళ కిందట అడిగాను. వారసత్వ శైలిలో కట్టాలా వద్దా అని ఇంకా తేల్చలేదు.

వాల్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆవిడ చెప్పింది నిజమే" అన్నాడు చివరికి. "కానీ మీరు ఏం చేశారో తెలుసా? దీన్ని ఎజెండాలో పెట్టాలి. భవనాల కమిటీకి పంపుతారు, వాళ్ళు రంగు కమిటీకి పంపుతారు. రంగు కమిటీలు రెండున్నాయి. జవాబు ఇచ్చేదాకా ప్రతి సమావేశంలో ఆవిడ పేరు పైకి చదవాలి. పోయినసారి ఇలాంటిది రెండున్నరేళ్ళు నడిచింది."

"నాకు తొందరేం లేదు" అన్నాను.

తొలగించమంటావా అని యంత్రం ఇంకోసారి అడిగింది. అవునన్నాను. చార్టులో వచ్చే శనివారం గడి ఖాళీ అయింది. వాల్టర్ అక్కడ గ్లెన్ పేరు టైప్ చేశాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ఆయన ముగించేదాకా.

మూడుంబావుకి బయలుదేరాను. జూలై సర్టిఫికెట్ గ్లెన్‌కే ఇచ్చేశాను, గంటలు ఆయనవి. ఎవరెట్ దగ్గర అరగంట ట్రాఫిక్. ఈ ప్రయాణం చేయదలచినవాళ్ళకి చెప్పేదేమంటే, స్వెట్టర్ తీసుకెళ్ళండి, కుడివైపు కూర్చోండి, ఒకే ప్రశ్న ఇద్దరు స్వచ్ఛంద సేవకులని అడగకండి. రైలు ఎక్కడికీ వెళ్ళదు. ముప్పై ఏళ్ళలో వాళ్ళు వేసింది ఆరు మైళ్ళు, ఆ ఆరు మైళ్ళ చివర చెట్లు తప్ప ఏమీ లేవు. ఇంత శ్రమ ఎందుకని నేను మాధవిని అడిగేవాణ్ణి. ఎందుకో ఆమె చెప్పలేదు, ఇవాళ చూసినా నాకు తెలియలేదు. ఆమె కూర్చునే చోటు మాత్రం తెలిసింది.

కమిటీ సమావేశం ప్రతి నెలా మూడో మంగళవారం రాత్రి ఏడింటికి, గార్డు పెట్టెలోనే. సభ్యులు కానివాళ్ళు వెనక కుర్చీల్లో కూర్చోవచ్చట, మాట్లాడకూడదు. అది నాకు కష్టం కాదు.