అన్న మెడ మీద తెల్ల గీత

బీఎస్సీ ఫిజిక్స్ పాసై మైలవరంలో ఖాళీగా తిరుగుతుంటే, విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో పని దొరికింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. డివిజన్ స్థాయి నాయకుడికి జలుబు తగ్గినా శుభాకాంక్షల ఫ్లెక్సీ లేస్తున్న కాలం. మా ఓనరు అంతకుముందు ఎరువులు అమ్మేవాడు. ఏ మిషనైనా రెండు దెబ్బలు వేస్తే దారికొస్తుందని ఆయన గట్టి నమ్మకం.

మిషన్ బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంకు చిమ్మే ప్రింటు హెడ్ గురించి చెప్పాడు. అందులో ప్రతి సన్న రంధ్రం వెనకా పింగాణీ లాంటి చిన్న ముక్క ఉంటుంది. దాన్ని పీజో అంటారు. కరెంటు ఇస్తే అది కాస్త ఉబ్బుతుంది, తీసేస్తే మామూలవుతుంది. ఆ ఉబ్బు వెంట్రుక మందం ముందు లెక్కలోకే రాదు. అయినా ఒక ఇంకు చుక్కను బయటికి నెట్టడానికి చాలు. చక్రాలూ పళ్లూ మరలూ లేవు కాబట్టి అరగడం, వదులవడం ఉండదు. ఎంత వోల్టేజీ ఇస్తే అంత కదులుతుంది, మళ్లీ ఇస్తే మళ్లీ అంతే.

"కాకపోతే వోల్టేజీ నిలకడగా ఉండాలండీ, గది చల్లగా ఉండాలి. వేడెక్కితే ముక్క కదలికా మారుద్ది, ఇంకూ పల్చబడుద్ది. చుక్క గురి తప్పుద్ది" అన్నాడు.

పరీక్షకు రాదని నేను వదిలేసిన పాఠం కళ్లముందు పనిచేస్తుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఓనరు మాత్రం ఒక్కటే అడిగాడు.

"అయితే ఏసీ మనకి కాదా, దానికా?"

ఆ దిగులు ఆయన్ని మే నెల దాకా తినేసింది. నాయకుల అనుచరులు తన కేబిన్‌లో చెమటలు తుడుచుకుంటుంటే పరువు పోతోందని, చివరికి మిషన్ గదిలోని ఏసీ ఊడదీయించి కేబిన్‌లో పెట్టించాడు. మిషన్‌కు ఒక టేబుల్ ఫ్యాను దయచేశాడు.

ఆ వారమే ఒక నాయకుడి పుట్టినరోజు వచ్చింది. ఆయన ముఖ్య అనుచరుడు దగ్గరుండి అచ్చు వేయించుకోవడానికి వచ్చాడు. నవ్వుతున్న అన్న ముఖం మిషన్‌లోంచి మెల్లగా కిందికి దిగింది. మెడ దగ్గరికొచ్చేసరికి ఈ చివర నుంచి ఆ చివరకు తెల్ల గీత పడింది.

అనుచరుడు వంగి చూశాడు. "ఇదేంటండీ, అన్న పీక కోసినట్టుంది?"

ఓనరు వచ్చి మిషన్‌ను రెండు చరిచాడు. తర్వాతి ప్రింటులో నుదుటి మీద కూడా ఇంకో గీత పడింది.

"వేడికి కొన్ని రంధ్రాలు చుక్క వదలట్లేదండీ. ఏసీ ఇక్కడ పెడితే..." అన్నాను.

"ఆర్డర్లిచ్చేది అన్నలా, మిషనా? మెడలో గొలుసెయ్యి. లావుగా. నెత్తిన తలపాగా పెట్టు."

కంప్యూటర్లో అన్న ఫొటోకి రెండూ పెట్టాను. గీతలు పోలేదు గానీ గొలుసు నగిషీల్లోనూ తలపాగా మడతల్లోనూ కలిసిపోయాయి. అన్న పెళ్లికొడుకులా తయారయ్యాడు. భయపడుతూనే ఫ్లెక్సీ ఇచ్చి పంపాం. మర్నాడు అనుచరుడు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. "అన్న మురిసిపోయారండీ. ఇన్నాళ్లకి నా అసలు కళ పట్టుకున్నార్రా అన్నారు."

సాయంత్రానికల్లా ఎదుటి వర్గం మనిషి దిగాడు. వాళ్ల అన్నకు అంతకంటే లావు గొలుసు కావాలట. ఆ వేసవంతా నేను ఊరి నాయకులకు గొలుసులు తొడుగుతూనే ఉన్నాను. గీతలు పెరిగినకొద్దీ గొలుసులూ పెరిగాయి. ఆఖరికి ఒకాయనకు గొలుసులే తప్ప మెడ కనపడలేదు. ఆయనా మురిసిపోయాడు.

జూన్‌లో రంధ్రాలు ఎండిన ఇంకుతో పూడిపోయి మిషన్ ఆగిపోయింది. ఇంజనీరు మళ్లీ వచ్చాడు. టేబుల్ ఫ్యానును చాలాసేపు చూశాడు. హెడ్ మార్చి, వోల్టేజీ సరిచేసి, ఏసీ వెనక్కి వస్తేగానీ స్విచ్ వేయనని కూర్చున్నాడు. ఓనరు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఏసీతోపాటు తన బల్లా కుర్చీలూ కూడా మిషన్ గదిలోకి తెప్పించుకున్నాడు. ఆ రోజు నుంచి అనుచరులందరూ నా వీపు వెనకే కూర్చుని, ఫ్లెక్సీలో ఎవరి ముఖం ఎంత పెద్దదుండాలో టేపు పట్టి కొట్లాడుకునేవారు.