దాస్తేనే వెలిగే నాగమణి

ఆ రోజుల్లో అంటున్నానని నన్ను ముసలమ్మను చేసేయకండి, కొన్నేళ్ల కిందటి మాటే. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం చేతికి రాక, ఫోన్లో వీడియోలు చూసి రెసిన్ పని నేర్చుకున్న రోజులవి. రెండు సీసాల్లోని ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే తెల్లారేసరికి గాజులాగా గట్టిపడుతుంది. అందులో గులాబీ రేకులో, గవ్వలో, ఏది దొరికితే అది ముంచి తాళంచెవి గొలుసులు చేసేదాన్ని. (మా అవ్వ తన ముక్కుపుడకను కొంగున ముడేసుకుని తిరిగేది, అదెక్కడ అచ్చులో పడుతుందోనని.) నంద్యాలలో మాకు ఫ్యాన్సీ అంగడి. దాని ముందరి అద్దాల అరలో నా సరుకు పెట్టాలని నా ఆశ. "ఆ గోందు బిళ్లలు ఎవురు కొంటారే? గాజుల కాడ కూచోపో" అనేవాడు నాయన.

అప్పుడే, సంజామలలో బడిపంతులుగా ఉన్న మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఒక పని మోసుకొచ్చాడు. ఆయన సొంతంగా రాసిన నాటకాన్ని ఆళ్లగడ్డలో ఒక కల్యాణమండపంలో ఆడబోతున్నారు. రాజు దగ్గర నాగమణి ఉంటుంది, మంత్రి దాన్ని దొంగిలిస్తాడు, అదీ కథ. రాజు వేషం మామదే. "మణి నువ్వే చెయ్యి పాపా. నిజంగా వెలగల్ల. జనం నోరెళ్లబెట్టల్ల" అన్నాడు. నాయన పక్కనుంచి అందుకుని, "అది వెలిగితే ముందర అర నీదే. వెలగకపోతే మాత్రం ఇంగ ఆ కంపు సీసాలు ఇంట్లో కనపడగూడదు" అని తీర్పు చెప్పేశాడు.

మా అంగట్లో దీపాలకేం కొదవ? మొదట సీరియల్ బల్బుల్లోంచి ఒకటి కత్తిరించి పెట్టాను, వైరు తోకలాగా వేలాడింది. రంగులు మారే లైటు పెడితే మామ చూసి, "ఏందే ఇది, అంబులెన్సు వస్తాండాదా?" అన్నాడు. దీపావళికి అమ్మే బ్యాటరీ ప్రమిద ఆఖరి ఘడియల్లో ఉన్నట్టు రెపరెపలాడింది. వీటన్నిటికీ మించిన చిక్కు స్విచ్చి. రెసిన్‌లో ముంచేశాక వేలు పెట్టేదెలా? బయటికి వదిలితే మణికి పొక్కు లేచినట్టుంటుంది. అప్పుడు కనబడింది, రాత్రిళ్లకని మెట్ల గోడకు అంటించుకునే బుల్లి బ్యాటరీ లైటు. చీకటైతే తనంతట తానే వెలుగుతుంది, వెలుతురొస్తే తనంతట తానే ఆరిపోతుంది. స్విచ్చితో పనే లేదు! నాటకమంటే చీకట్లోనే కదా! (నేను చూసిన నాటకాలన్నీ చీకట్లో కూచునే చూశాను మరి.) నా తెలివికి నేనే మురిసిపోయి, లేత పచ్చరంగు కలిపి పోసేశాను.

మర్నాడు ఇంటిల్లిపాదినీ మెట్లకింది సామాన్ల గదిలోకి పిలిచి తలుపు మూశాను. మణి పచ్చగా, చల్లగా వెలిగింది. అవ్వ దండం పెట్టింది. నాయన కూడా "ఊఁ" అన్నాడు. ఆళ్లగడ్డకు పోయే బస్సులో నా సంచిలోంచి వెలుగు వస్తుంటే, చాగలమర్రికి పోతున్న ఒక పెద్దమ్మ "ఫోను మోగుతాండాదేమో సూడు పాపా" అంది. నేను గర్వంగా నవ్వాను.

తెర లేచింది. మండపమంతా చీకటి, దీపాలన్నీ వేదిక మీదే. మామ రొమ్ము మీది మణిని చూపిస్తూ, "దీని కాంతికి సూర్యుడైనా కన్నులు మూసుకోవలసిందే!" అని గర్జించాడు. మణి పటికబెల్లం ముక్కలాగా ఊరికే ఉంది. మామ దాన్ని వేలితో తట్టాడు. "యాడప్పా కాంతి? కరెంటు పీకేసినారేమో సూడు!" అన్నారెవరో. జనం గొల్లుమన్నారు. ముందు వరసలో నాయన తల దించుకున్నాడు. తెర పక్కన నిలబడ్డ నాకు నా సీసాలు మురిక్కాలవలో తేలుతూ కనబడ్డాయి.

అసలు ముచ్చట ఆ తర్వాత. మంత్రి వేషం వేసింది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక అన్న. ఆయన మణిని దొంగిలించి నడుముకు చుట్టిన తెల్ల పట్టుగుడ్డలో దోపుకున్నాడు. అంతే, మంత్రిగారి బొడ్డు దగ్గర పచ్చగా వెలుగు! "మంత్రీ! దొంగ ఎక్కడున్నా పట్టి తెమ్ము!" అన్నాడు రాజు. "నీ పక్కనే ఉండాడు, నడుము సూడప్పా!" అని మండపమంతా అరిచింది. మంత్రి చేతులు అడ్డం పెట్టుకుంటే నీడ పడి ఇంకా వెలిగింది. కండువా కప్పుకుంటే మరీ వెలిగింది. బయటికి తీస్తే ఆరిపోయింది. పాపం, దొంగసొత్తును దాచడానికి దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపిస్తూ నిలబడాల్సి వచ్చింది. జనం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నారు. అప్పుడు పనిచేసింది మామ పంతులు బుర్ర. "ప్రజలారా! ఈ మణి ధర్మాత్ముని రొమ్మున నిద్రించును. దొంగ నడుమున చేరిన మేల్కొనును!" అన్నాడు. మంత్రి చేసేదిలేక మణిని మళ్లీ నడుములో దోపుకుని దొరికిపోయాడు. ఈలలు, చప్పట్లు.

నాటకం అయ్యాక నాయన తెర వెనక్కి వచ్చాడు. మణిని పిడికిట్లో బిగించి, వేళ్ల సందులోంచి ఒక కన్నుతో చూశాడు. నేను ఏడుపు ఆపుకుంటున్నాను. "ముందర అర వద్దులే. ఆడ ఎండ పడతాది" అన్నాడు. నేను సంచి సర్దుకోబోయాను. "లోపల మూలన చీకటి అర ఉండాది కదా, అది తీసుకో. దీన్ని సూసేకి జనం అంగడంతా దాటుకోని రావల్ల. వచ్చేటప్పుడు గాజులు సూడరా ఏంది?" అన్నాడు. ఎంతైనా అంగడి మనిషి! నేను ఆపుకున్న ఏడుపంతా అప్పుడే ఏడ్చేశాను, సంతోషం పట్టలేక.

ఇప్పుడు నాకంటూ వేరే అంగడి ఉంది, ముందర అద్దాల అరా ఉంది. ఆ మణి మాత్రం మూలన అరలో పగలూ రాత్రీ వెలిగి వెలిగి, ఒకనాడు ఆరిపోయింది. బ్యాటరీ మార్చే దారి లేకుండా మూసేసింది నేనే కదా (ఆ తెలివీ నాదే). అయినా పారేయలేదు. బేరాలు లేనప్పుడు దాన్ని పిడికిట్లో పెట్టుకుని, నాయనలాగే వేళ్ల సందులోంచి ఒక కన్నుతో చూస్తాను. చీకటి చాలలేదేమోనని ఇంకాస్త గట్టిగా మూస్తాను.