మామ మోటారుకి నేనిచ్చిన గ్యారంటీ

ఒక ఎండాకాలం మా మామ టమాటా తోట నా చదువు వల్ల ఎండిపోబోయింది. ఎట్లనో చెప్తా, టీ తాగతా వినండి.

అప్పుడు నేను కుప్పం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాండా. రిలయబిలిటీ అని సబ్జెక్టు. ఏ మిషను ఎన్నాళ్లు పనిచేస్తాది, ఎప్పుడు చెడిపోతాది అని ముందే లెక్కగట్టడం. కొత్తగా చేరినోణ్ణి, ఆ లెక్కలంటే మహా నమ్మకం.

సెలవలకి పుంగనూరు పక్కన అత్తగారి ఊరికి పోతే, మామ నన్ను పశువుల కొట్టంలోకి తీసుకుపోయి స్పేరు బోరు మోటారు చూపించినాడు.

"పలమనేరు కాడ మా తమ్మునికి మోటారు కాలిపోయిందంట. ఇది అడగతాండాడు. ఇచ్చేద్దునా అల్లుడా? బోరులో ఉండేది కాలితే మాత్రం మన పంట పోతాది."

"రెండు రోజులు టైమియ్యి మామా, లెక్కగట్టి చెప్తా" అన్నా.

నోటుబుక్కు పట్టుకొని ఊరి చేన్లన్నీ తిరిగినా. నీళ్లు పోస్తాండే ప్రతి బోరు కాడ నిలబడి, "ఈ మోటారు దించి ఎన్నేండ్లయింది?" అని అడిగినా. ఒకాయన ఐదన్నాడు, ఒకాయన ఏడన్నాడు. అన్నీ రాసుకొని, గ్రాఫు గీసి, మామ ముందర పెట్టినా.

"మనది దించి రెండేండ్లే. ఇంకో మూడేండ్లు ఢోకా లేదు."

మామకి గ్రాఫు అర్థం కాలేదు. అల్లుడు గీసినాడు కదా అని స్పేరు పంపించేసినాడు.

పదో రోజు మోటారు కాలిపోయింది. కాయ ఊరే టైము. మామ తిట్టలేదు. "మూడేండ్లు శానా తొందరగా అయిపోయినాయి అల్లుడా" అన్నాడంతే. తిట్టుంటే బాగుండేది.

మోటారు ఆటోలో ఏసుకొని మదనపల్లెలో వైండింగు షాపుకి పోయినా. వైండింగు చేసే ఖాదర్ భాయ్‌కి నా లెక్కంతా చెప్పుకున్నా. ఆయన తీగ చుడతానే విన్నాడు.

"నడిచే మోటార్లనే అడిగినారా సార్?"

"అవును."

"కాలినవి ఈడ ఉండాయి కదా. వీటిని ఎవరడగాల?"

గోడ పక్కన చూసినా. మామ ఊరి పేరు రాసినవే ఆరు మోటార్లు. ఒకటి ఏడాదికే వచ్చిందంట, ఇంకోటి ఎనిమిది నెలలకే. చెడిపోయినవాటిని లెక్కలో వదిలేయొద్దని మొదటి క్లాసులోనే పిల్లోళ్లకి చెప్పేవాణ్ణి నేను.

రిపేరుకి నాలుగు రోజులు పట్టింది. అన్నాళ్లూ పక్కచేని రెడ్డెప్పన్న పైపేసి తన బోరు నీళ్లిచ్చినాడు. రెండు సాళ్లు వాడిపోయినాయి కానీ తోట నిలబడింది.

కాలేజీకి పోయే ముందర ఆయన కాడికిపోయి దండం పెట్టినా. "మీ మోటారు శానా గట్టిది రెడ్డెప్పన్నా, ఇంకా..."

ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని గురించి ఏం చెప్పొద్దు సామీ. నా తోటలో ఇంకా నాలుగు కోతల కాయ ఉండాది."