ఖాళీ అయిన బోర్డు

నాకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. పడుకునేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, గాలి తోసే మిషన్ పెట్టుకోవాలి. ఏ ఊరు వెళ్లినా దాని సంచి వెంట ఉండాల్సిందే. మిర్యాలగూడ బస్టాండులో ముగ్గురు అడిగారు, అందులో ఏముందని. మిక్సీ అన్నాను. చావింటికి పోతున్నవాణ్ణి, వాళ్లకు నా ముక్కు సంగతి ఎందుకట?

నిడమనూరులో మా బావ నిద్రలోనే పోయాడు. నేను చేరేసరికి వరండాలో ఆయన్ను పెట్టిన ఫ్రీజర్ పెట్టె గుర్రుమంటోంది. దాని వైరు లోపలి గదిలోని ఎక్స్‌టెన్షన్ బోర్డుదాకా పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆ వైరు మీద ఎవరూ కాలు వేయకుండా తెల్లవార్లూ చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. స్నానం చేసి వచ్చేసరికి పెట్టెను ఆటోలో ఎక్కించుకుని పోయారు. అక్క నా ముఖం చూసింది.

"తమ్మీ, రాత్రంత నిద్ర లేదు నీకు. గా బోర్డు ఖాళీ అయింది. నీ మిషన్ పెట్టుకొని జరసేపు పండుకో."

ఆయన వైరు ఉన్నచోటే నా వైరు పెట్టాను. అక్క పక్కన చాప మీద కూర్చుని పైపును చూసింది.

"ఇది ఎందుకిచ్చిన్రు నీకు?"

"గురకకే అక్కా. గురక మధ్యల ఊపిరి ఆగుతదట."

"మీ బావ గూడ గట్లనే గురక పెట్టేటోడు గద తమ్మీ."

బావ గురకకు ముప్పై ఏళ్లు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆయనలా గురక పెట్టి చూపించి పిల్లలను నవ్వించింది నేనే.

అక్క నా జవాబు కోసం చూస్తోంది. మాస్కు పెట్టుకుంటే మాట్లాడడం కుదరదు. పెట్టుకున్నాను.